స్కూల్లో నోరు విప్పడు, ఇంట్లో నోరు మూయడు

ప్రశ్న: మేం ఈ దేశం వచ్చి నాలుగు నెలలైంది. బాబుకి తొమ్మిదేళ్లు. ఇంతకుముందు తెలుగు మీడియంలో చదివాడు, లెక్కల్లో ఎప్పుడూ ముందుండేవాడు. ఇక్కడ క్లాసులో ఒక్క ముక్క మాట్లాడడు. ఇంటికొచ్చాక మాత్రం గంటసేపు గుక్క తిప్పుకోకుండా కబుర్లు. ఇప్పుడు లెక్కల్లోనూ మార్కులు తగ్గాయి. రోజూ ఒక పీరియడ్ వేరే గదికి తీసుకెళ్లి ఇంగ్లిష్ చెబుతున్నారు. అందరి ముందూ లేచి వెళ్లాలంటే వాడికి సిగ్గు. ఇంట్లో కూడా ఇంగ్లిష్‌లోనే మాట్లాడమన్నారు వాళ్ల టీచర్. నా ఇంగ్లిష్ అంతంతమాత్రం. వాణ్ని ఒక తరగతి కిందికి దించమని అడగనా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. – ఒక తల్లి

జవాబు: అమ్మా, ఇంటికొచ్చి గంటసేపు కబుర్లు చెబుతాడన్నారు చూడండి, ఉత్తరం మొత్తంలో నాకు ఊరటనిచ్చిన మాట అదే.

పదకొండేళ్లప్పుడు నేనూ ఇలాగే తెలియని దేశంలో, తెలియని క్లాసులో కూర్చున్నాను. హాజరు పిలిచేటప్పుడు టీచర్ నా పేరు పలికే తీరుకి అది నా పేరేనని తెలిసేది కాదు. పక్కనున్న పిల్ల మోచేత్తో పొడిస్తే చెయ్యెత్తేదాన్ని. రెండు నెలలు నోరు తెరవలేదు కానీ, బుర్ర ఖాళీగా లేదు. 'లైన్ అప్' అంటే అందరూ తలుపు దగ్గరికి పోతారు, 'పుట్ ఇట్ అవే' అంటే పుస్తకాలు బల్లలోకి పోతాయి. అలా చూసి చూసి మాటలు పోగేసుకున్నాను. పుస్తకంలో 'వాట్ డిడ్ యూ' అని విడివిడిగా ఉన్నది పిల్లల నోట్లో 'వాడ్జూ' అయిపోతుంది. చెవి దానికి అలవాటు పడాలి కదా! కొత్త భాషలోకి వచ్చిన చాలామంది పిల్లలు మొదట కొన్ని వారాలో, కొన్ని నెలలో ఇలా మౌనంగానే ఉంటారు. 'అంకుల్‌తో ఇంగ్లిష్‌లో మాట్లాడు నాన్నా' అని చుట్టాల ముందు పరీక్ష పెట్టకండి. ఆ వయసులో నేను అందరికంటే అసహ్యించుకున్నది ఆ అంకుల్స్‌నే.

ఇక లెక్కలు. పెద్దయ్యాక ఇరవై రెండేళ్లు ఇలాంటి పిల్లలకే ఇంగ్లిష్ చెప్పాను. '12కీ 7కీ డిఫరెన్స్ ఏమిటి' అన్న ప్రశ్నకి ఒక పాప 'ఒకదానికి రెండంకెలు, ఇంకోదానికి ఒకటే' అని శుభ్రంగా రాసింది. తప్పేముంది చెప్పండి? ఇంకో పిల్లాడు '15 బంతుల్లో 6 తీసేస్తే హౌ మెనీ ఆర్ లెఫ్ట్' అన్న దగ్గర ఆగిపోయి, బొమ్మలో ఎడం వైపున్న బంతులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు. మీవాడి పరీక్ష కాగితాలు తెచ్చి ముందేసుకోండి. ఉత్త అంకెల లెక్కలు సరిగ్గా చేసి, వాక్యాల్లో ఇచ్చిన లెక్కల దగ్గరే తప్పుతున్నాడేమో చూడండి. అదే అయితే వాడికి లెక్కలు బాగానే వచ్చు. 'ఆల్టుగెదర్', 'హౌ మెనీ మోర్', 'లెఫ్ట్', 'ఈచ్' లాంటి పది పన్నెండు మాటలు ఒక అట్ట మీద రాసి, పక్కన తెలుగులో అర్థం పెట్టండి.

ఆటస్థలంలో మాట్లాడే ఇంగ్లిష్ వేరు, పాఠం చదివి జవాబు రాసే ఇంగ్లిష్ వేరు. కెనడాలో పనిచేసిన జిమ్ కమిన్స్ అనే ఆయన 1979లో ఈ రెంటినీ విడదీసి చూపించారు. మొదటిది రెండేళ్లలో వచ్చేస్తుంది, రెండోదానికి తోటివాళ్లని అందుకోవడానికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుందని ఆ పరిశోధనల అంచనా. కాబట్టి వచ్చే ఏడాది గలగలా మాట్లాడుతున్నాడని, ఆ ప్రత్యేక పీరియడ్ మాన్పించకండి.

ఇంట్లో ఇంగ్లిష్ మాట్లాడమన్న టీచర్ మంచి మనసుతోనే అని ఉంటారు. కానీ ఆ సలహా వినకండి. నీళ్లు ఆవిరవడమంటే ఏమిటో తెలుగులో తెలిసిన పిల్లాడికి 'ఇవాపరేషన్' ఒక కొత్త పేరు, అంతే. తెలియనివాడికి విషయమూ కొత్తే, పేరూ కొత్తే. పైగా ఆ గంటసేపు కబుర్లు మీకు అంతంతమాత్రం వచ్చిన భాషలో జరగవు. రేపటి పాఠం ఏమిటో ముందే టీచర్ని అడిగి, రాత్రి ఓ పావుగంట తెలుగులో చెప్పండి. మర్నాడు క్లాసులో వాడికి ఆ పాఠం సగం తెలిసినదే అవుతుంది.

వేరే గది సంగతి టీచర్‌తో మాట్లాడండి. లెక్కల పీరియడ్‌లోంచీ, ఆటల్లోంచీ మాత్రం తీసుకెళ్లొద్దని అడగండి. వాడు నలుగురిలో ఒకడిగా ఉండేది అక్కడే. వీలైతే ఆ గదిలో ఇంగ్లిష్ చెప్పే టీచరే క్లాసులోకి వచ్చి పక్కన కూర్చోవచ్చు, చాలా స్కూళ్లలో అలా చేస్తారు. 'ఐ డోంట్ అండర్‌స్టాండ్', 'సే ఇట్ అగైన్ ప్లీజ్', 'కెన్ ఐ గో టు ద టాయ్‌లెట్' – ఈ మూడూ నిద్రలో లేపినా చెప్పేలా నేర్పండి. మూడోది రాక నేను పడిన అవస్థ ఇక్కడ రాయను.

ఏడాది దగ్గరపడుతున్నా స్కూల్లో ఎవరితోనూ, ఒక్క స్నేహితుడితో కూడా గుసగుసగానైనా మాట్లాడకపోతే, లేదా ఇంట్లో తెలుగు కూడా తగ్గిపోతే అప్పుడు డాక్టర్‌కి చూపించండి. వినికిడి పరీక్ష కూడా చేయించండి.

కింది తరగతికి మాత్రం దించమని అడగొద్దు. అక్కడా ఇదే ఇంగ్లిష్, పైగా తనకంటే చిన్నపిల్లల మధ్య కూర్చోవాలి. ఆ పరీక్ష కాగితాలు చూశాక ఏం తేలిందో నాకు మళ్లీ రాయండి.