వెనకట్ట మీద నాలుగు మాటలు

అమ్మాయ్,

నీ నవల వెనకట్ట మీద వేయడానికి నువ్వు పంపిన రాత చూశాను. నవలకి నాలుగేళ్లు పట్టిందన్నావు, ఈ పది లైన్లు మాత్రం ఒక్క సాయంత్రంలో తేల్చేసినట్టున్నావు. "మానవ సంబంధాల లోతుల్ని స్పృశిస్తూ ఆద్యంతం ఆసక్తిగా సాగే అపురూప నవల" అట! ఈ వాక్యాన్ని ఏ పుస్తకం వెనక అతికించినా ఎవరూ కనిపెట్టలేరు. నీ కథానాయకుడు పోస్ట్‌మ్యాన్ ఏడమ్మా ఇందులో?

అసలు ఇలాంటి అట్ట రాతకి వాడే 'బ్లర్బ్' అన్న మాట పుట్టిందే వెటకారంలోంచి. 1907లో జెలెట్ బర్జెస్ అనే అమెరికన్ హాస్య రచయిత తన పుస్తకం అట్ట మీద గొంతు చించుకుని పొగిడే ఒక అమ్మాయి బొమ్మ వేయించి, ఆమెకి మిస్ బెలిండా బ్లర్బ్ అని పేరు పెట్టాడు. అట్టల మీది పొగడ్తల్ని ఎగతాళి చేద్దామని. నూరేళ్లు దాటినా మనం ఆవిడలాగే అరుస్తున్నాం.

పుస్తకం చేతిలో పట్టుకుని నిలబడ్డ మనిషికి రెండే కావాలి. ఇది ఎవరి కథ, వాళ్లకొచ్చిన చిక్కేమిటి. ఇలా రాస్తే ఎలా ఉంటుందో చూడు:

"రిటైరవడానికి మూడు రోజుల ముందు పోస్ట్‌మ్యాన్ శివయ్యకు పాత సంచి అడుగున ఒక ఉత్తరం దొరికింది. 19 ఏళ్ల కిందటిది. అందాల్సినావిడ పక్క వీధిలోనే ఉంది. ఆ ఉత్తరం రాలేదనే ఆవిడ వేరే పెళ్లి చేసుకుంది."

'అద్భుతం' లేదు, 'అపురూపం' లేదు. అయినా ఇస్తాడా, చించేస్తాడా అని అడగాలనిపిస్తుందా లేదా? అక్కడ ఆపెయ్యాలి. నువ్వేమో ఇచ్చాడనీ, ఆవిడేం చేసిందనీ కూడా చెప్పేశావు. నవల్లో మొదటి పావు భాగం దాటిన సంగతి ఏదీ అట్ట మీదికి రాకూడదని నా లెక్క. ఇది దెబ్బతిని నేర్చుకున్న లెక్కే. ఒకసారి ఒక డిటెక్టివ్ నవలకి "తమ్ముడి మరణం వెనుక ఎవరు?" అని రాశాను. ఆ తమ్ముడు పోయేది 140వ పేజీలో. ఒక పాఠకుడు కార్డు రాశాడు: "అయ్యా, ఆ కుర్రాడు ఎప్పుడు పోతాడా అని ఎదురుచూస్తూ చదివించారు నా చేత." ఆ కార్డు ఇంకా నా సొరుగులో ఉంది.

మొదటి వాక్యం దగ్గర ఎంతసేపు కూర్చున్నా తప్పులేదు. ఆన్‌లైన్‌లో చాలాచోట్ల రెండు మూడు లైన్లు కనిపించి, మిగతాది 'ఇంకా చదవండి' వెనక దాక్కుంటుంది. నీవి ఆ రెండు లైన్లూ అవార్డులకే పోయాయి. వాటిని చివరికి, ఒక్క వాక్యంలోకి తోసెయ్.

పెద్దల అభిప్రాయం వేసుకుంటానన్నావు, వేసుకో. ఒకటి చాలు. కాకపోతే "మొదటి సగం అద్భుతం, తర్వాత నీరసించింది" అన్నవాళ్ల దగ్గర 'అద్భుతం' ఒక్కటే కత్తిరించి తెచ్చుకోకు. అలా చేసినవాళ్లని చూశాను, ముందు అలిగేది ఆ పెద్దాయనే.

మొత్తం 150 మాటలు దాటనివ్వకు. డిజైనర్‌ని బార్‌కోడ్ ఎక్కడ పెడుతున్నారో ముందే అడుగు. ఐఎస్‌బీఎన్ అనే పుస్తకం గుర్తింపు సంఖ్య 13 అంకెలతో కలిపి ఆ తెల్ల డబ్బా కింద ఒక మూల తినేస్తుంది. నా పుస్తకానికి చివరి వాక్యం సగం దాని కిందికే పోయింది, అచ్చయ్యేదాకా ఎవరం చూసుకోలేదు.

రాశాక నవల చదివినవాళ్లకి చూపించి లాభం లేదు, వాళ్లకి కథ తెలుసు కాబట్టి అంతా బాగానే ఉందంటారు. చదవనివాళ్లకి వినిపించు. శివయ్య పేరు అట్ట మీద అవసరమా, 'పోస్ట్‌మ్యాన్' అంటే సరిపోతుందా అన్నది నువ్వే ఆలోచించు, నాకింకా తేలలేదు. బుధవారంలోపు పంపిస్తే ప్రూఫులతో పాటే చూసేస్తాను.

మాస్టారు