ఇల్లు చూసే ముందు బిల్లు చూడు

లూయిస్ సెంటర్, ఒహాయో

అమ్మలూ,

మొన్న ఫోన్లో నువ్వు "పెద్దమ్మా, ఇక్కడ ఎడిసన్‌లో మేం కట్టే అద్దెతో మీ దగ్గర నాలుగు బెడ్‌రూముల ఇల్లే వస్తుందటగా!" అన్నప్పుడు పొయ్యి మీద పోపు మాడుతోంది. "ఆ, ఆ" అని పెట్టేశాను. మర్నాడు మీ అమ్మ ఫోన్ చేసి "అక్కా, నువ్వు రమ్మన్నావటగా" అంది. నేను రమ్మనలేదు, రావద్దనీ అనలేదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. అల్లుడుగారికీ చదివి వినిపించు.

ముందు ఒక సంగతి. మీ అమ్మ ఇరవై ఏళ్లుగా మేం డెలావేర్ రాష్ట్రంలో ఉన్నామనే అందరికీ చెబుతోంది. ఇది ఒహాయోలో, కొలంబస్‌కు ఉత్తరాన ఆనుకుని ఉన్న డెలావేర్ కౌంటీ. 1990లో ఇక్కడి జనాభా 67 వేలు, 2020 నాటికి 2 లక్షల 14 వేలు. మేం 2004లో వచ్చినప్పుడు మా అపార్ట్‌మెంట్ వెనక మొక్కజొన్న చేను ఉండేది. ఇప్పుడు ఆ చేలో మూడు కాలనీలు లేచాయి. ఇంత జోరుగా పెరిగే చోట రోడ్డూ బడీ పన్నూ ఏదీ నిన్న ఉన్నట్టు ఇవాళ ఉండదు.

ఇక డబ్బు సంగతి. మేం దెబ్బ తిన్నది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

2006 సెప్టెంబరులో కొత్తగా కట్టిన ఇంట్లోకి దిగాం. బిల్డర్ తరఫున ఇల్లు అమ్మినావిడ ఒక కాగితం మీద నెలవాయిదా రాసి చూపించింది. అప్పు, వడ్డీ, ఇన్సూరెన్స్, ట్యాక్స్ అన్నీ కలిపే అంది. మీ పెదనాన్న లెక్క వేసుకుని, అద్దెకు ఇంకో రెండొందలు వేస్తే సొంతిల్లు అని మురిసిపోయారు. ఏడాదిన్నర బాగానే గడిచింది. 2008లో ఒకరోజు బ్యాంకు నుంచి కవరొచ్చింది, నెలవాయిదా 850 డాలర్లు పెరిగిందని. నేను పొరపాటున వేరేవాళ్ల కవరు చింపానేమో అనుకున్నాను.

జరిగిందేమిటంటే, ఒహాయోలో ప్రాపర్టీ ట్యాక్స్ ఒక ఏడాది వెనక నడుస్తుంది. ఈ ఏడాది వచ్చే బిల్లు పోయినేడాదిది. అదీ జనవరి 1న అక్కడ ఏముందో దాని విలువను బట్టి. 2006 జనవరి 1న మా ఇల్లెక్కడిది? ఖాళీ స్థలమే. దాని మీద వచ్చిన బిల్లు ఏడాదికి 1,500. ఆవిడ కాగితం మీద రాసింది ఆ లెక్కే. ఇల్లు లేచాక అసలు బిల్లు 6,600. అంటే ఎస్క్రోలో, పన్ను కోసం బ్యాంకు మన దగ్గర నెలనెలా తీసి ఉంచే ఖాతాలో, నెలకు 125 పడుతున్న చోట 550 పడాలి, పైగా తక్కువ పడిన 5,100 డాలర్లూ పన్నెండు నెలల్లో పూడ్చాలి. ఆవిడ అబద్ధం ఏమీ చెప్పలేదు, అడగనిది చెప్పలేదంతే. ఆ ఏడాది నేను ఇండియా ప్రయాణం మానుకున్నాను. మా అమ్మమ్మ చివరి సంక్రాంతి అదే.

కాబట్టి కొత్త ఇల్లు చూస్తే, పోయినేడాది బిల్లు ఎంత అని అడగొద్దు. ఇల్లు పూర్తిగా లెక్కలోకి వచ్చాక ఎంత అని అడుగు. నువ్వే వేసుకోవచ్చు కూడా. మార్కెట్ విలువలో 35 శాతాన్ని పన్నుకు లెక్కలోకి తీసుకుంటారు. 5 లక్షల డాలర్ల ఇల్లయితే 1 లక్షా 75 వేలు. అందులో వెయ్యికి ఒక డాలరు పన్ను వేస్తే దాన్ని ఒక మిల్ అంటారు. అంటే ఒక్కో మిల్లూ నీకు 175 డాలర్లు. స్కూలుకనో అగ్నిమాపక దళానికనో నాలుగు మిల్లుల కొత్త లెవీ, అంటే ఓటర్లు ఒప్పుకుంటే పడే అదనపు పన్ను, నెగ్గిందనుకో, ఏడాదికి ఇంకో 700. మా వైపు మొత్తం పన్ను సుమారుగా ఇంటి విలువలో రెండు శాతం అటూ ఇటూ ఉంటుందనుకుని బయల్దేరు, తరవాత సరిచేసుకో.

ఇక్కడ లెవీలు తరచుగా వస్తాయి. ఇళ్ల ధరలు పెరిగినా, ఓటర్లు ఇచ్చిన పాత లెవీల మీద వచ్చే మొత్తం వాటితో పాటు పెరిగిపోకుండా 1976 నాటి చట్టం ఒకటి పట్టి ఉంచుతుంది. పిల్లలు మాత్రం ఏటా పెరుగుతూనే ఉన్నారు. అందుకని స్కూళ్లవాళ్లు కొన్నేళ్లకోసారి మళ్లీ ఓటర్ల ముందుకు రావాల్సిందే. సిటిజన్‌షిప్ లేని మీకు ఓటు ఉండదు, బిల్లు మాత్రం వస్తుంది. ఇది కాక ఆరేళ్లకోసారి కౌంటీ ఇళ్ల విలువ మొత్తం మళ్లీ కడుతుంది, మధ్యలో మూడో ఏట ఇంకోసారి సవరిస్తుంది. కొన్ని కొత్త కాలనీల్లో రోడ్లకూ పైపులకూ చేసిన అప్పు తీర్చడానికి ఇంటి పన్నుతో పాటే ఇంకో వడ్డన ఉంటుంది. కాలనీ ఇళ్లవాళ్ల సంఘానికి కట్టే హెచ్‌ఓఏ ఫీజు వేరు, ఇది వేరు. అమ్మేవాళ్లను రెండూ విడివిడిగా అడుగు.

చిరునామా చూసి మాత్రం మోసపోకు. న్యూజెర్సీలో ఊరికి ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టే అలవాటు మీకు లేదు. ఇక్కడ ఉంది. కొలంబస్ నగరానిది 2.5 శాతం, మా పక్క పోవెల్ ఊరిది 2022 నుంచి 2 శాతం. ఏ ఊరి పాలనలోకీ రాని ప్రాంతాలను టౌన్‌షిప్‌లంటారు, వాటిలో ఉండేవాళ్లకు ఉండే చోట అలాంటిది లేదు. కానీ ఉద్యోగం ఏ ఊళ్లో చేస్తే ఆ ఊరు జీతంలోంచి కోసుకుంటుంది, ఉండే ఊరు దానికి ఎంత మినహాయింపు ఇస్తుందన్నది ఒక్కో ఊరికి ఒక్కో రకం. అల్లుడుగారు వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని అంటున్నారుగా, ఆ రోజుల పన్ను ఎక్కడికి పోతుందో కంపెనీ పేరోల్ వాళ్లను ముందే అడగమను. రాష్ట్రం పన్ను మాత్రం తేలికే, 2026 నుంచి సుమారు 26 వేలు వదిలేసి మిగతాదాని మీద 2.75 శాతం.

తమాషా ఏమిటంటే, పోవెల్ అని చిరునామా ఉన్న ఇల్లు పోవెల్ ఊళ్లో ఉండకపోవచ్చు, పక్కన లిబర్టీ టౌన్‌షిప్‌లో ఉండొచ్చు. వెస్టర్‌విల్ అని రాసి ఉన్నది జెనోవా టౌన్‌షిప్ కావచ్చు. మా లూయిస్ సెంటర్ అయితే అసలు ఊరే కాదు, పోస్టాఫీసు పేరు. ఇక్కడికి దక్షిణాన, ఆఫీసులూ షాపులూ ఉండే పొలారిస్ వైపు కొన్ని ఇళ్లు కొలంబస్ నగరంలో ఉంటాయి, పిల్లలు మాత్రం మా స్కూల్ డిస్ట్రిక్టు అయిన ఒలెంటాంజీ బడులకు వెళతారు. బిగ్ వాల్‌నట్, బకై వ్యాలీ స్కూల్ డిస్ట్రిక్టుల్లో ఉంటే స్కూలుకని ఇంకో ఇన్‌కమ్ ట్యాక్స్ ఉంటుంది, ఒలెంటాంజీలో అది లేదు. రోడ్డుకు ఇటు ఒకటి, అటు ఒకటి. ఇళ్ల వెబ్‌సైట్లలో రాసింది నమ్మకుండా ఇళ్ల విలువ కట్టే కౌంటీ ఆడిటర్ ఆఫీసు సైట్లో ఇంటి నంబరు కొట్టి చూడు. ఏ ట్యాక్స్ డిస్ట్రిక్టు, ఏ స్కూల్ డిస్ట్రిక్టు, స్థలం ఎంత, కట్టడం ఎంత, ఏ ఏడాది ఎంత కట్టారు, అన్నీ ఉంటాయి. పైసా ఖర్చు లేదు. ఇంటిని చూడ్డానికి పోయేముందు నేనిప్పుడు అదే చూస్తాను, పిల్లకు సంబంధం చూసేటప్పుడు ముందు ఆరా తీసినట్టు.

బడుల గురించి నీకు ఇప్పటికే నలుగురు చెప్పి ఉంటారు. ఒలెంటాంజీ బడులు మంచివే, మన పిల్లలు బాగానే ఉంటారు. కానీ మంచి స్కూలని చెప్పి ఫలానా హైస్కూలు కోసం ఫలానా వీధిలో ఇల్లు కొనకు. మేం వచ్చినప్పుడు ఇక్కడ రెండే హైస్కూళ్లు. 2008లో ఆరెంజ్, 2018లో బెర్లిన్ వచ్చాయి. కొత్తది కట్టిన ప్రతిసారీ సరిహద్దులు మళ్లీ గీస్తారు. మా పక్కింటావిడ స్కూలు పేరు చూసుకుని 30 వేలు ఎక్కువ పెట్టి ఇల్లు కొంది, రెండేళ్లలో ఆ వీధి ఇంకో బడికి మారింది. నీ చిన్నదానికి కిండర్‌గార్టెన్ పూర్తి రోజా, సగం రోజా, మధ్యాహ్నం తరవాత ఎవరు చూస్తారు, డేకేర్‌లో చోటుకు ఎన్నాళ్లు ఆగాలి, ఇవి ముందు కనుక్కో. ర్యాంకుల కంటే మీ నెల ఖర్చును మార్చేవి ఇవే.

ఇక కారు. నువ్వు డ్రైవింగ్ లేకుండానే ఎడిసన్‌లో ఐదేళ్లు నెట్టుకొచ్చావు. ఇక్కడ కుదరదు. కొలంబస్‌కు 1979 నుంచి ప్రయాణికుల రైలే లేదు. పాలకు వెళ్లాలన్నా కారే. రెండో కారు, దాని ఇన్సూరెన్స్, చలికాలం టైర్లు, పెట్రోలు అన్నీ ఆ నాలుగు బెడ్‌రూముల లెక్కలో కలుపు. యూఎస్ 23 రోడ్డు చూశావా? డెలావేర్ ఊరి నుంచి కొలంబస్ చుట్టూ తిరిగే 270 హైవే దాకా సిగ్నల్ తరవాత సిగ్నల్. మధ్యాహ్నం రెండు గంటలకు పావుగంటలో వెళ్లే దూరం పొద్దున ఎనిమిదికి ముప్పావుగంట తింటుంది. ఇల్లు నచ్చితే మంగళవారం పొద్దున ఏడున్నరకు ఆ ఇంటి ముందు నుంచి ఆఫీసుకు ఒకసారి నడిపి చూసుకోమను. ఆదివారం చూసి మురిసిపోతే లాభం లేదు.

అల్లుడుగారి వీసా మాట కూడా ఎత్తాలి, అడిగానని ఏమీ అనుకోవద్దు. హెచ్1బీ మీద ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి మహా అయితే 60 రోజులు. ఒక్క కంపెనీ మీద ఆధారపడిన చిన్న కౌంటీల్లో అలాంటప్పుడు ఇల్లు అమ్ముకుని పోవడం తప్ప దారి ఉండదు. ఆ విషయంలో ఇక్కడ కొంత నయం. పొలారిస్‌లో ఛేజ్ బ్యాంకువాళ్ల ఆఫీసు ఉంది, 20 లక్షల చదరపు అడుగుల భవనం. కొలంబస్‌లో నేషన్‌వైడ్, దాని పక్కనే ఉన్న డబ్లిన్ ఊళ్లో కార్డినల్ హెల్త్, మేరీస్‌విల్ దగ్గర హోండా. ఇంటెల్ చిప్‌ల ఫ్యాక్టరీ వస్తోందని 2022లో చెప్పినప్పుడు చాలామంది ఆ మాట మీద ఇళ్లు కొన్నారు. అది లికింగ్ కౌంటీలో, అదీ వెనక్కి వెనక్కి జరుగుతూనే ఉంది. రాబోయే ఫ్యాక్టరీని నమ్మి ఇల్లు కొనొద్దు. ఇప్పటికే జీతాలిస్తున్న కంపెనీలు అరగంట దూరంలో ఎన్ని ఉన్నాయో అవి లెక్కపెట్టు. ఇవాళ ఈ ఉద్యోగం పోతే అల్లుడుగారు ఏ మూడు చోట్ల అప్లై చేయగలరు? పేర్లు రాసిమ్మను. మూడు రాకపోతే అద్దెకే ఉండండి.

అసలు ఎలాగైనా మొదటి ఏడాది అద్దెకే ఉండండి. అయితే అద్దె ఒప్పందం జూన్‌లోనో జులైలోనో ముగిసేలా చూసుకోండి, లేకపోతే పిల్లను బడి మధ్యలో మార్చాల్సి వస్తుంది.

మీ అత్తగారూ మామగారూ ఆరునెలలు వచ్చి ఉంటారుగా, వాళ్ల గురించీ ఆలోచించు. ఎడిసన్‌లో ఆయన సాయంత్రం నడుచుకుంటూ ఓక్ ట్రీ రోడ్డుకు వెళ్లి నలుగురితో మాట్లాడి, చేతిలో కూరగాయలతో తిరిగొచ్చేవారు. ఇక్కడ చాలా కాలనీల్లో ఫుట్‌పాత్ కాలనీ గేటు దగ్గరే ఆగిపోతుంది. ఆ తరవాత 45 మైళ్ల వేగంతో పోయే రోడ్డు. మా మామగారు 2011లో వచ్చినప్పుడు నాలుగో వారానికి కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని ఎదురింటి గ్యారేజీ తలుపు ఎన్నిసార్లు తెరుచుకుందో లెక్కపెట్టేవారు. "ఇవాళ ఆరు" అనేవారు నేను ఆఫీసు నుంచి రాగానే. ఆయన నవ్వుతూనే అనేవారు, నాకే కళ్లలో నీళ్లు తిరిగేవి. హయాట్స్ రోడ్డు మీద భారతీయ హిందూ టెంపుల్ ఉంది, ఎవరో ఒకరు దింపాలి. కాబట్టి లైబ్రరీకో పార్కుకో నడిచి వెళ్లే ఇల్లు దొరికితే, వంటింట్లో గ్రానైట్ లేకపోయినా అదే తీసుకో. ఇంకోటి, కొలంబస్ నుంచి ఇండియాకు నేరుగా విమానం లేదు, ఇంగ్లీషు రాని పెద్దవాళ్లు షికాగోలోనో నెవార్క్‌లోనో మారాలి.

బేస్‌మెంట్ గురించి రెండు ముక్కలు. ఇక్కడ నేల బంకమన్ను, నీళ్లు త్వరగా ఇంకవు. బేస్‌మెంట్‌లో చేరే నీళ్లను బయటికి తోడే సంప్ పంప్‌కు బ్యాటరీ ఉందో లేదో చూడు, ఎందుకంటే కరెంటు పోయేదీ గాలివాన వచ్చేదీ ఒకే రాత్రి. నేలలోంచి ఇంట్లోకి చేరే రేడాన్ అనే హానికరమైన వాయువుకు పరీక్ష తప్పకుండా చేయించు, ఈ కౌంటీలో అది ఎక్కువే. లీటరు గాలికి 4 పికోక్యూరీలు దాటితే అమ్మేవాళ్ల చేతే దాన్ని బయటికి లాగే ఫ్యాను పెట్టించు.

ఇన్ని చెప్పానని ఇది బాగాలేని చోటు అనుకోకు. నేను ఇరవై ఏళ్లుగా ఉన్నాను, ఇంకెక్కడికీ పోను. హైబ్యాంక్స్ పార్కులో అక్టోబరు నెలలో ఒలెంటాంజీ నది మీదుగా ఉండే గట్టు ఎక్కి నిలబడితే కదలబుద్ధి కాదు. పెరట్లో గోంగూర, దొండ, బీర అన్నీ కాస్తాయి. మదర్స్ డే దాటేదాకా మొక్క నేలలో పెట్టకూడదంతే, మంచు కొట్టేస్తుంది. మిగిలింది జింకలు తింటాయి. వాటికి గోంగూర అక్కర్లేదేమో అనుకున్నాను మొదట్లో. చక్కగా మొదలంటా తినేశాయి.

మీరు జూన్‌లో వచ్చి చూస్తామన్నారు. జూన్‌లో ఇక్కడ అన్నీ అందంగానే ఉంటాయి, ఇల్లు అమ్మేవాళ్లకు కావలసిందీ అదే. ఫిబ్రవరిలో రండి. నవంబరు నుంచి ఆకాశం బూడిద రంగు తిరిగి ఉంటుంది, పొద్దున బస్సు దగ్గరకు పిల్లను చీకట్లో తీసుకెళ్లాలి, డ్రైవ్‌వేలో మంచు మీరే తీయాలి. నాలుగు రోజులుండి, అప్పటికీ నచ్చితే ఆడిటర్ సైట్ ముందు కూర్చుందాం. పై గది హీటర్ వేసి ఉంచుతాను, పార మీ పెదనాన్న గ్యారేజీలో పెడతారు. బూట్లు మాత్రం మీవే తెచ్చుకోండి, మావి మీకు సరిపోవు.

పెద్దమ్మ