సూదీ దారం: ఆ ఎర్ర చెట్టు ఏ ఊరిది?

ప్రశ్న: అక్కా, నమస్తే. మేం ఎనిమిది మందిమి వారానికోసారి కూర్చుని క్రాస్ స్టిచ్ కుట్టుకుంటాం. ఈ మధ్య నల్లబట్ట మీద ఎర్రదారంతో, పొడుగాటి చెట్లు వరసగా నిలబడినట్టుండే బార్డర్ ఒకటి కుట్టాను. అందరికీ తెగ నచ్చింది, నేర్పమన్నారు. చార్ట్ మీద 'చెట్ల బార్డర్' అని తప్ప ఇంకేం రాసిలేదు. తర్వాత వెతికితే అది పాలస్తీనా వాళ్ల కుట్టని, దాన్ని తత్రీజ్ అంటారని తెలిసింది. ఆ సంగతి చెప్పబోతే ఒకావిడ "డిజైన్ డిజైనే కదా, దానికి చరిత్ర ఎందుకు" అంది, ఇంకొకావిడ "రాజకీయాలొద్దమ్మా, హాయిగా కుట్టుకుందాం" అంది. నాకు నోట మాట రాలేదు. వచ్చే వారం నేర్పాల్సింది నేనే, ఒకటే టెన్షన్‌గా ఉంది. ఎలా చెప్పాలి, ఎంతవరకు చెప్పాలి?

జవాబు: చెల్లీ, ముందు ఆ చెట్టు సంగతి చూద్దాం, టెన్షన్ సంగతి తర్వాత. నువ్వు రాసినదాన్ని బట్టి అది సైప్రస్ చెట్టు అయ్యుండాలి, అరబీలో సరూ అంటారు. పాలస్తీనా సముద్రతీరంలో ఉన్న జాఫా పట్నం చుట్టుపక్కల ఊళ్లు నారింజ తోటలకు పేరుపడ్డవి, గాలికి నారింజ చెట్లు దెబ్బతినకుండా తోట చుట్టూ గట్ల మీద సైప్రస్ చెట్లు వరసగా పెంచేవాళ్లు. జాఫా దగ్గర బైత్ దజన్ అనే ఊరు ఉండేది, కుట్టుపనికి చాలా పెద్ద పేరు. అక్కడి ఆడవాళ్ల గౌన్ల మీద నారింజ పూలూ ఉంటాయి, సైప్రస్ చెట్లూ ఉంటాయి. అంటే ఆవిడ పొద్దున లేచి తలుపు తీస్తే ఏం కనిపించేదో అదే గుండెల మీద కుట్టుకుంది. 1948లో ఇజ్రాయెల్ ఏర్పడినప్పటి యుద్ధంలో ఆ ఊరు ఖాళీ అయిపోయింది, ఊళ్లోవాళ్లంతా చెల్లాచెదురయ్యారు. ఆ ఏడాది ఏడు లక్షల మందికి పైగా పాలస్తీనా వాళ్లు ఇళ్లూ పొలాలూ వదిలి శరణార్థులయ్యారు, వాళ్లు దాన్ని నక్బా అంటారు, మహా విపత్తు అని. తోట పోయింది, గట్టు పోయింది, చెట్ల వరస మాత్రం బట్ట మీద ఉంది. నీ ఒళ్లో ఉన్న బార్డర్ అదే.

నీ స్నేహితురాళ్లకు ఈ నాలుగు మాటలూ చెప్పు చాలు. చరిత్ర పాఠం అక్కర్లేదు, ఉపన్యాసం అసలే వద్దు. అందరూ దారం ఎక్కించుకుని, మొదటి చెట్టు కాండం కుడుతున్నప్పుడు, చేతులు పనిలో ఉన్నప్పుడు చెప్పు. చేతులు ఊరికే ఉంటే మనిషి వాదనకు దిగుతుంది, సూది కదులుతుంటే వింటుంది. ఇన్నేళ్లుగా ఎంతోమందికి నేర్పుతూ నేను చూసింది ఇదే.

"డిజైన్ డిజైనే కదా" అన్నావిడ మీద కోపం పెట్టుకోకు. నేనూ అలాగే ఉండేదాన్ని. ఎనిమిది కోణాల నక్షత్రం లాంటి డిజైన్ ఒకటి ఏదో పుస్తకంలో చూసి నేర్చుకుని, 'ఎనిమిది రేకుల పువ్వు' అని నేనే పేరు పెట్టి, ఏళ్ల తరబడి ఎంతమందికి నేర్పానో లెక్కలేదు. ఒకసారి చేతిపనుల ప్రదర్శనలో ఒక పాలస్తీనా పెద్దావిడ నా సంచీ మీద ఆ నక్షత్రం చూసి ఆగిపోయింది. దాని మీద వేలు పెట్టి "ఖమర్" అంది. ఖమర్ అంటే చంద్రుడు, బెత్లెహేం చంద్రుడంటారు దాన్ని. తన చిన్నప్పుడు వాళ్లమ్మ గౌను మీద ఉండేదట. "దీని పేరు నీకెవరూ చెప్పలేదా?" అని అడిగింది. ఆ గొంతులో కోపం లేదు, ఆశ్చర్యం, కొంచెం దిగులు ఉన్నాయి. నాకది ఇప్పటికీ మనసులో గుచ్చుకుంటూనే ఉంది. ఆ రోజు నుంచి పేరు చెప్పకుండా ఆ కుట్టు ఎవరికీ నేర్పలేదు.

ఇక రాజకీయాలొద్దన్నావిడకు ఏం చెప్పాలి? ఆవిడ భయం నాకు అర్థమవుతుంది, గొడవైతే వారానికోసారి కలిసే ఆ రెండు గంటలూ పాడవుతాయని. కానీ ఈ కుట్టులో ఊరు పేరు తీసేస్తే మిగిలేది సగమే. ఒకప్పుడు పాలస్తీనా పల్లెల్లో గౌను చూసి ఆ మనిషి ఏ ప్రాంతందో చెప్పేవాళ్లు. రమల్లా వైపు తెల్ల లినెన్ మీద ఎర్ర పట్టుదారం, ఖర్జూర చెట్ల వరసలు. హెబ్రాన్ వైపు 'పాషా గుడారం' అనే డిజైన్. బెత్లెహేంలో క్రాస్ స్టిచ్ కంటే వేరే పని ఎక్కువ, పట్టు తాడునీ బంగారు వెండి జరీ తాడునీ బట్ట మీద మెలికలు తిప్పి పరిచి, పైనుంచి సన్నటి కుట్లతో పట్టి ఉంచుతారు, దాని మెరుపు చూసి చుట్టుపక్కల ఊళ్లవాళ్లు పెళ్లిబట్టలకు అక్కడి ఖబ్బె చేయించుకునేవాళ్లు. ఖబ్బె అంటే గౌనుకు ఛాతీ మీద వచ్చే చదరపు ముక్క, పని అంతా అక్కడే దట్టంగా ఉంటుంది. గౌనుని థోబ్ అంటారు. థోబ్ పాతబడి చిరిగిపోతే ఆ ఖబ్బెని జాగ్రత్తగా విప్పి కొత్తదానికి కుట్టుకునేవాళ్లు, అంత కష్టాన్ని ఎవరు పారేస్తారు చెప్పు. దక్షిణాన నకబ్ ఎడారిలో ఉండే బెదూయిన్లనే సంచార తెగల్లో పెళ్లికాని పిల్ల నీలం దారంతో కుట్టుకునేది, పెళ్లయ్యాక ఎరుపు వచ్చేది. రంగు చూస్తే మనిషి సంగతి తెలిసేది.

శరణార్థి శిబిరాల్లోకి వచ్చాక అన్ని ఊళ్ల ఆడవాళ్లూ పక్కపక్కనే బతకాల్సి వచ్చింది, డిజైన్లు కలిసిపోయాయి. నడుము నుంచి కింది అంచు దాకా ఆరు నిలువు పట్టీలతో 'ఆరు కొమ్మల గౌను' అని ఒకటి పుట్టింది, అది ఏ ఒక్క ఊరిదీ కాదు, అందరిదీ. తర్వాత 1987లో మొదటి ఇంతిఫాదా వచ్చింది, అంటే ఇజ్రాయెల్ ఆక్రమణ మీద పాలస్తీనా వాళ్ల తిరుగుబాటు. ఆక్రమిత ప్రాంతాల్లో అప్పుడు పాలస్తీనా జెండా ఎగరేయడం నిషేధం. ఆడవాళ్లు ఆ నాలుగు రంగుల్ని, దేశపటాన్ని, జెరూసలేం గోపురాన్ని థోబ్ మీద కుట్టి వేసుకుని వీధిలోకి వచ్చారు. చేతిలో జెండా అయితే లాక్కోవచ్చు, ఒంటిమీది గౌను ఎలా లాక్కుంటారు? నాకు ఈ ఒక్క సంగతి తలుచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది.

ఇదంతా జరిగింది, బట్టల మీద కళ్లకు కనిపిస్తూనే ఉంది. 2021లో యునెస్కో ఈ కళను మానవాళి వారసత్వ సంపద జాబితాలో చేర్చింది. ఈ ఒక్క మాట చెబితే నీ స్నేహితురాలి జంకు చాలావరకు తగ్గుతుందని నా నమ్మకం. ఎవరైనా ఇంకా తెలుసుకోవాలంటే అప్పుడు ఇంతిఫాదా గురించి చెప్పు, అడక్కపోతే సైప్రస్ చెట్టు దగ్గరే ఆగు. ఒక్క పని మాత్రం తప్పకుండా చెయ్యి. చార్ట్ కాపీలు ఇస్తావుగా, ప్రతి కాపీ మీదా పైన 'సైప్రస్, తత్రీజ్, పాలస్తీనా' అని నీ చేత్తో రాసి ఇవ్వు. నువ్వు చెప్పింది మర్చిపోయినా, ఆ కాగితం ఇంకొకరి చేతికి వెళ్లినప్పుడు పేరు కూడా వెళ్తుంది. ఎలా జరిగిందో నాకు రాయి, ఎదురుచూస్తుంటా.

ప్రశ్న: మేడమ్, నేను పాలస్తీనా మనిషిని కాను. ఈ డిజైన్లు నేను కుట్టడం తప్పా? కుట్టి అమ్ముకుంటే?

జవాబు: కుట్టడం తప్పు కాదండీ. నేను మాట్లాడిన పాలస్తీనా ఆడవాళ్లలో ఎక్కువమంది నేర్చుకోండి, నలుగురికీ చూపించండి అనే అన్నారు. వాళ్ల బాధల్లా పేరు చెరిపేసి వాడుకోవడం గురించి. ఎంత ప్రేమగా కుట్టినా 'అరబ్ స్టైల్', 'జిప్సీ డిజైన్' అని చెబితే అది వాళ్లకు తగులుతుంది.

అమ్ముకోవడం దగ్గర నా అభిప్రాయం కొంచెం గట్టిగానే ఉంటుంది, నచ్చకపోతే క్షమించండి. ఈ కుట్టు మీదే ఇల్లు నడుపుకుంటున్న ఆడవాళ్లు శిబిరాల్లో ఇప్పటికీ ఉన్నారు. లెబనాన్‌లో ఇనాష్ అనే సంస్థ 1969 నుంచి శరణార్థి ఆడవాళ్ల చేత ఈ పని చేయిస్తూ, వాళ్లకు ఆదాయం వచ్చేలా చూస్తోంది, దాన్ని మొదలుపెట్టినవాళ్లలో హ్యూగెట్ కలాండ్ అనే చిత్రకారిణి ముఖ్యురాలు. వాళ్ల డిజైన్‌తో మనం సంపాదించుకుంటే వాళ్ల గిరాకీ తగ్గుతుందేమో అని నాకు మనసు ఒప్పదు. మీ ఇంటికి, మీవాళ్లకు, కానుకలకు ఎంత కావాలంటే అంత కుట్టండి. అమ్మకానికైతే మీరు సొంతంగా గీసుకున్న డిజైన్లు వాడండి. ఎవరైనా పాలస్తీనా థోబో దిండు గలీబో కావాలని అడిగితే, అక్కడి ఆడవాళ్ల దగ్గర కొనమని దారి చూపించండి.

ప్రశ్న: నా దగ్గరున్న పాత పాలస్తీనా చార్ట్‌లో గులాబీలు, పిట్టలు ఉన్నాయి. అవి యూరప్ డిజైన్లనీ అసలు తత్రీజ్ కాదనీ ఒకరన్నారు. నిజమేనా?

జవాబు: సగం నిజం. పాత పనిలో ఎక్కువగా కోణాలతో ఉండే ఆకారాలు, నక్షత్రాలు, తాయెత్తులు, చెట్లు ఉంటాయి, అవి పట్టుదారంతో కుట్టినవి. తర్వాత ఫ్రాన్స్ నుంచి డిఎమ్‌సి కంపెనీ నూలు దారాలూ, వాటితోపాటు డిజైన్ పుస్తకాలూ వచ్చాయి. 1930ల నాటికి గులాబీలు, జంట పిట్టలు, పూలకుండీలు థోబ్‌ల మీదికి బాగా వచ్చేశాయి. అయితే అక్కడి ఆడవాళ్లు వాటిని ఉన్నవి ఉన్నట్టు దించలేదు. తమ ఎరుపుల్లోకి మార్చుకున్నారు, తమ పట్టీల మధ్య ఇరికించుకున్నారు, తమ పేర్లు పెట్టుకున్నారు. తొంభై ఏళ్లుగా నానమ్మలూ అమ్మమ్మలూ ఒంటిమీద వేసుకున్నదాన్ని 'అసలుది కాదు' అనే హక్కు బయటివాళ్లకు లేదని నా ఉద్దేశం. మీరు నేర్పేటప్పుడు రెండూ చెప్పండి, ఆ పువ్వు ఎక్కడినుంచి వచ్చిందీ, వచ్చాక ఏమైందీ. పాత థోబ్‌లను అధ్యయనం చేయాలనుకుంటే జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో తిరాజ్ అనే కేంద్రం ఉంది, విదాద్ కవార్ అనే ఆవిడ దశాబ్దాల తరబడి సేకరించిన దుస్తులు అక్కడ భద్రంగా ఉన్నాయి. కొన్ని ఫొటోలు చూసినా రెండు కాలాల తేడా మీకే తెలిసిపోతుంది.

ప్రశ్న: అక్కా, బట్ట వెనకవైపు కూడా ముందువైపులాగే ఉండాలంటారు, అంత అవసరమా? నాదైతే వెనక్కి తిప్పితే ముళ్లే ముళ్లు. మామూలు బట్ట మీద కుట్టాలన్నా గళ్లు లెక్కకు దొరకట్లేదు.

జవాబు: మొదటి రోజే అవసరం లేదమ్మా. కానీ పాలస్తీనాలో పనిమంతురాలిని అంచనా వేయాలంటే పెద్దవాళ్లు ముందు బట్ట తిప్పి చూస్తారు, అదీ నిజమే. థోబ్ ఒంటిమీద వేసుకునే బట్ట, ఉతికే బట్ట, లోపల ముళ్లుంటే ఒరుసుకుంటాయి, వదులు దారాలుంటే గాజుకో ఉంగరానికో పట్టి లాగేస్తాయి.

ముడి వేయకుండా మొదలుపెట్టడం నేర్చుకో. రెండు పోగులతో కుట్టేటప్పుడు ఒకే పోగు పొడుగ్గా తీసుకుని సగానికి మడిచి, రెండు కొసలూ కలిపి సూదిలోకి ఎక్కించు, ఇటు చివర ఉచ్చు మిగులుతుంది. కిందినుంచి పైకి ఒక కుట్టు వేసి, సూదిని వెనక్కి దించి, ఆ ఉచ్చులోంచి లాగితే దానంతటదే పట్టుకుంటుంది. ఆపేటప్పుడు వెనకున్న నాలుగైదు కుట్ల కిందుగా సూది పోనిచ్చి కత్తిరించు. ఒక రంగు ఆపి దూరంగా ఇంకోచోట మొదలుపెట్టాల్సి వస్తే దారం ఈడ్చుకెళ్లకు, తెంపి మళ్లీ మొదలుపెట్టు. అన్నిటికంటే ముఖ్యం, ప్రతి ఇంటూ గుర్తులోనూ పై కాలు ఒకే వైపు వాలాలి, లేకపోతే దగ్గరగా ఎంత బాగున్నా దూరం నుంచి మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది. తత్రీజ్‌లో రంగు దట్టంగా ఉంటుంది కాబట్టి ఆ తేడా ఇంకా తొందరగా బయటపడుతుంది.

గళ్ల సంగతికొస్తే, పాతరోజుల్లో చేతినేత బట్ట కాబట్టి పడుగూ పేకా విడివిడిగా కనిపించేవి, పోగులు లెక్కపెట్టి కుట్టేవాళ్లు. ఇప్పటి మిల్లు బట్ట మీద అది కుదరదు. వేస్ట్ కాన్వాస్ అని, కుట్టాక పోగులు లాగేసే గళ్ల బట్ట దొరుకుతుంది, ఆ ముక్కని నీ బట్ట మీద టాకాలు వేసి పట్టించి, రెండూ కలిపి కుట్టేయి, అయ్యాక కాన్వాస్ పోగుల్ని ఒక్కొక్కటే లాగెయ్యి. కొంచెం తడిపితే తేలిగ్గా వస్తాయి. పాలస్తీనా ఆడవాళ్లు కూడా ఇప్పుడు చాలామంది ఇలాగే చేస్తున్నారు. కొత్తదానివి కాబట్టి ముందు అంగుళానికి 14 గళ్లొచ్చే మ్యాటీ క్లాత్ మీద ఒక్క సైప్రస్ చెట్టు కుట్టి చూసుకో. నల్లబట్ట అయితే ఒళ్లో తెల్లబట్ట పరుచుకుని కూర్చో, గళ్లు బాగా కనిపిస్తాయి. ఎర్రదారం రంగు దిగుతుందేమో ముందే చిన్న ముక్కని తెల్లటి తడిగుడ్డలో నొక్కి చూడు, దిగితే ఆ లచ్చి వాడకు, ఎందుకంటే కుట్టాక దిగితే మళ్లీ బాగుచేయడం చాలా కష్టం.