శ్రీలంకలోని ఒకంద పాయింట్‌కి ఒక్కణ్ణే వెళ్లొచ్చా?

"చెన్నై దగ్గర కోవళంలో ఒక సీజన్ సర్ఫింగ్ నేర్చుకున్నా, చిన్నప్పటి నుంచి బావిలో ఈత కొట్టినవాణ్ణి, జూలైలో ఒకందకు ఒక్కణ్ణే వెళ్లొచ్చా" అని అడిగావు తమ్ముడూ. నాదీ హనుమకొండే. ఉద్యోగం చెన్నైలో, సెలవు దొరికితే కోవళం, వీలైనప్పుడు శ్రీలంక తూర్పు తీరంలోని సర్ఫింగ్ ఊరు అరుగం బే. శ్రీలంకకు నిశ్చింతగా వెళ్లు. ఒకంద మాత్రం ఇప్పుడే వద్దు, ఒంటరిగా అసలే వద్దు.

బావి ఈతను తక్కువ చేయను. గట్టు మీంచి దూకి నేర్చుకున్నవాడికి దమ్ము, ధైర్యం రెండూ ఉంటాయి. కానీ బావి నీళ్లు ఉన్నచోటే ఉంటాయి. ఒకంద లాంటి పాయింట్ బ్రేక్‌లో అల రాళ్ల కొమ్మును చుట్టుకొచ్చి, ఒడ్డు పొడవునా ఒకే దిక్కుకు విరుగుతూ పోతుంది. నీటి ప్రవాహం కూడా అటే తోస్తుంది. దానికి ఎదురు ప్యాడిల్ చేస్తే, అంటే బోర్డు మీద పడుకుని చేతులతో నీళ్లు తోసుకుంటూ పోతే, చేతులు పడిపోతాయి తప్ప ముందుకు కదలవు. అందుకే తెలిసినవాళ్లు అల అయిపోగానే ఒడ్డెక్కి, ఇసుకలో నడుచుకుంటూ వెనక్కి వెళ్లి మళ్లీ దిగుతారు.

అసలు కష్టం ఆ దిగడంలోనే ఉంది. రాళ్ల దగ్గర నిలబడి ముందు రెండు మూడు సెట్లు (వరసగా వచ్చే అలల గుంపులు) పోనివ్వాలి. బోర్డు ముక్కు అలవైపే ఉండాలి, బోర్డు నీ పక్కన ఉండాలి. నీకూ అలకూ మధ్య అడ్డంగా పెట్టుకున్నావో, నురగ దాన్ని తెచ్చి పక్కటెముకలకే కొడుతుంది. సెట్‌లో చివరి అల రాళ్లెక్కి వెనక్కి జారేటప్పుడు, బోర్డు కింది ఫిన్లు (రెక్కలు) మునిగేంత నీళ్లున్నాయని చూసుకుని, ఆ జారే నీళ్లతోనే బోర్డు మీద పడి ప్యాడిల్ చేయాలి. క్షణం ఆలోచించావా, తర్వాతి సెట్ నిన్ను రాళ్ల మీదికే తెస్తుంది. కోవళం ఇసుకలో ఈ పాఠం దొరకదు.

లైనప్‌లో, అంటే అల కోసం అందరూ ఎదురుచూసే చోట, అల విరగడం మొదలయ్యే చోటుకు దగ్గరగా ఉన్నవాడిదే ఆ అల. బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపినట్టు అక్కడ కుదరదు.

అల ఎత్తు చూసి అంచనా వేయకు, పీరియడ్ (ఒక అలకూ తర్వాతి అలకూ మధ్య సమయం) కూడా చూడు. అదే ఎత్తున్నా 8 సెకన్ల అల వేరు, 14 సెకన్ల అల వేరు. రెండోదానికి బలం చాలా ఎక్కువ. మన హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే సూచనలు గమనిస్తూ ఉంటే ఈ లెక్క ఇంట్లో కూర్చునే అలవాటవుతుంది.

ఇక ఒకంద. అరుగం బే నుంచి దాదాపు 30 కిలోమీటర్లు, కుమన నేషనల్ పార్క్ గేటు దగ్గర, పక్కనే మురుగన్ గుడి. దారిలో పానమ ఊరు దాటితే అడవి దారి, ఏనుగులు తిరుగుతాయి. చీకట్లో బయల్దేరకు. కాలు తెగినా, తల పగిలినా ఆసుపత్రికి అరుగం బే పక్క ఊరు పొత్తువిల్ దాకా వెనక్కి రావాల్సిందే. నాకైతే అల కన్నా ఈ దూరమే టెన్షన్.

ముందు అరుగం బే దగ్గరి విస్కీ పాయింట్‌లో మొదలుపెట్టు. తర్వాత అలలు చిన్నగా ఉన్న రోజుల్లో అరుగం బేలోని మెయిన్ పాయింట్. విరగని అలను పట్టి కుడివైపు చివరిదాకా వెళ్లగలిగి, బోర్డును కాలికి కట్టే లీష్ తెగినా బోర్డు లేకుండా కంగారుపడకుండా ఒడ్డుకు ఈదగలిగితే, అప్పుడు అక్కడి గైడ్‌ను తీసుకుని ఒకందకు వెళ్లు. తెల్లారగానే బయల్దేరి, గాలి లేవకముందే నీళ్లలో ఉండేలా చూసుకో. బోర్డు అరుగం బేలోనే అద్దెకు తీసుకో, స్పేర్ లీష్ మాత్రం ఇంటి నుంచే పట్టుకెళ్లు.