ఫెడరల్ కోతలను ఒక సెనేటర్ నిజంగా ఆపగలరా? మనం ఫోన్ చేస్తే ఉపయోగం ఉంటుందా?

అడిగిన ప్రశ్న ఇది: "అమెరికాలో ఫెడరల్ ప్రభుత్వం ఊళ్ళకి, బడులకి, ఆసుపత్రులకి ఇచ్చే డబ్బు కోసేస్తుంటే సెనేటర్లు, కాంగ్రెస్ సభ్యులు ఏమైనా ఆపగలరా, లేక టీవీలో మాట్లాడి ఊరుకుంటారా? హెచ్1బీ మీద ఉన్నవాళ్ళు ఫోన్ చేస్తే అసలు వింటారా?"

ఆపగలరు. వింటారు కూడా. కానీ అందరూ చూసేది ఓటింగ్ రోజు ప్రసంగాన్ని. ఆ ప్రసంగం దగ్గరికి వచ్చేసరికి పని దాదాపు తేలిపోయి ఉంటుంది. 2025 జులై 16 అనే ఒక్క రోజును తీసుకుంటే సెనేటర్ చేతిలో ఏముంది, ఏం లేదు అన్నది బాగా తెలుస్తుంది.

ఆ రోజు అలాస్కాలో మధ్యాహ్నం 12:37కి శాండ్ పాయింట్ అనే ఊరికి దక్షిణంగా సముద్రంలో 7.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. పాపాఫ్ దీవి మీద కొన్ని వందల మంది ఉండే చేపల వేట ఊరది. బయటి ప్రపంచానికి రోడ్డు లేదు. విమానమో, ఫెర్రీయో ఎక్కాలి. వెంటనే సునామీ హెచ్చరిక వచ్చింది. అలాంటి తీరంలో ఆ హెచ్చరికను జనానికి చేర్చే ముఖ్యమైన సాధనం స్థానిక పబ్లిక్ రేడియో. శాండ్ పాయింట్ స్టేషన్‌ది ఏఎం ప్రసారం. ఏఎం తరంగం ఉప్పునీటి మీద నేల మీదకంటే చాలా ఎక్కువ దూరం పోతుంది. అందుకే సెల్ సిగ్నల్ అందని పడవకి కూడా చేరుతుంది. ఇంకో సంగతి ఉంది. సెల్‌ఫోన్‌కి వచ్చే హెచ్చరిక ఒకసారి మోగి ఆగిపోతుంది. అల ఎన్నింటికి రావచ్చు, ఎత్తుకి ఎటు వెళ్ళాలి, ఎప్పుడు దిగి రావచ్చు అని వరసగా చెబుతూ ఉండాలంటే మైకు ముందు ఊరు తెలిసిన మనిషి కూర్చోవాలి. ఆ రోజు అల కొన్ని అంగుళాలకి మించలేదు. మూడు గంటలలోపే హెచ్చరిక ఎత్తేశారు.

అప్పుడు వాషింగ్టన్‌లో సాయంత్రం 4:37. సరిగ్గా ఆ స్టేషన్లకి వెళ్ళే డబ్బును వెనక్కి తీసుకునే బిల్లు మీద సెనేట్‌లో సవరణలు నడుస్తున్నాయి. అలాస్కా సెనేటర్ లీసా మర్కౌస్కీ రిపబ్లికన్, అంటే బిల్లు తెచ్చిన పార్టీ మనిషే. ఆవిడ ఆ భూకంపాన్నే సాక్ష్యంగా చూపించారు. పబ్లిక్ రేడియో, టీవీల డబ్బును కాపాడే సవరణ పెట్టారు. అది ఓడిపోయింది. అర్ధరాత్రి దాటాక రెండు గంటలకి పైగా గడిచాక బిల్లు 51-48తో నెగ్గింది. రిపబ్లికన్లలో వ్యతిరేకంగా ఓటు వేసింది ఇద్దరే: మర్కౌస్కీ, మెయిన్ రాష్ట్రానికి చెందిన సుసాన్ కాలిన్స్. మొత్తం దాదాపు 900 కోట్ల డాలర్లు. అందులో 110 కోట్లు పబ్లిక్ బ్రాడ్‌కాస్టింగ్‌వి, మిగతాది ఎక్కువగా విదేశీ సాయం.

ఇంత బలమైన సాక్ష్యం అదే రోజు, అదే గంటలో దొరికినా ఎందుకు ఓడిపోయారు? ఇలాంటి బిల్లును రిసిషన్ అంటారు, అంటే చట్టంతో ఇచ్చేసిన డబ్బును చట్టంతోనే వెనక్కి తీసుకోవడం. 1974 నాటి ఇంపౌండ్‌మెంట్ కంట్రోల్ చట్టం ప్రకారం అధ్యక్షుడు కాంగ్రెస్‌కి ప్రత్యేక సందేశం పంపి, 45 రోజుల పాటు ఆ డబ్బు ఆపి ఉంచవచ్చు. ఆలోపు కాంగ్రెస్ ఒప్పుకోకపోతే డబ్బు విడుదల చేసి తీరాలి. మామూలు బిల్లును సెనేట్‌లో ఆపాలంటే 41 మంది గట్టిగా నిలబడితే చాలు. చర్చను సాగదీసి ఓటింగును అడ్డుకునే ఆ పద్ధతిని ఫిలిబస్టర్ అంటారు. రిసిషన్‌కి అది వర్తించదు, సాధారణ మెజారిటీ చాలు. 53 మంది ఉన్న పార్టీలో ముగ్గురు ఎదురు తిరిగినా 50-50 అయి ఉపాధ్యక్షుడి ఓటుతో నెగ్గుతుంది. నలుగురు కావాలి. ఈ సందేశం జూన్ 3న వచ్చింది, గడువు జులై 18. అంటే కాపాడాలనుకునే సెనేటర్ గెలవాల్సిన లెక్క ఆ రాత్రి ప్రసంగంలో లేదు. జూన్ నెలలో మిగతా ఇద్దరిని వెతికి పట్టుకోవడంలో ఉంది.

ఇప్పుడు అదే రోజు జరిగిన రెండో పని చూడండి. దీని గురించి తెలుగు గ్రూపుల్లో ఎవరూ మాట్లాడరు. జులై 1న బడులకి రావాల్సిన సుమారు 680 కోట్ల డాలర్లను శ్వేతసౌధపు బడ్జెట్ ఆఫీసు ఆపేసింది. బడి అయ్యాక పిల్లల్ని చూసుకునే కేంద్రాలు, ఇంగ్లీషు కొత్తగా నేర్చుకునే పిల్లల తరగతులు, టీచర్ల శిక్షణ, పెద్దల చదువు, అన్నీ ఆ పద్దుల్లోనివే. జులై 16న వెస్ట్ వర్జీనియాకి చెందిన షెల్లీ మూర్ కాపిటో ముందుండి పది మంది రిపబ్లికన్ సెనేటర్లు బడ్జెట్ డైరెక్టర్‌కి ఒక ఉత్తరం రాశారు. అందులో మర్కౌస్కీ సంతకం కూడా ఉంది. రెండు రోజుల్లో బడి తర్వాత కేంద్రాల డబ్బు, 130 కోట్లు, వదిలారు. జులై 25కల్లా మిగతాదీ వదులుతున్నట్టు ప్రకటించారు. సభలో ఓటు లేదు, ప్రసంగం లేదు.

ఉత్తరం ఎందుకు పనిచేసింది? పది సంతకాలూ అధికార పార్టీవి, అందులో కేటాయింపుల కమిటీలో కూర్చునేవాళ్ళు ఉన్నారు. రేపు అదే ఆఫీసు వాళ్ళ ముందుకే డబ్బు అడగడానికి రావాలి. ఇక ఆ డబ్బు మార్చిలో అధ్యక్షుడే సంతకం పెట్టిన చట్టంలోనిది, కొత్తగా ఏమీ అడగడం లేదు. పైగా అదే వారంలో 24 రాష్ట్రాలు కోర్టుకి వెళ్ళాయి. ఈ మూడూ కలిస్తే ఉత్తరానికి బలం. విడిగా ఏ ఒక్కటి ఉన్నా ఇంత త్వరగా కదిలేది కాదని నా గట్టి నమ్మకం.

మనకి ఇది కొత్తగా అనిపించడానికి కారణం ఉంది. మన లోక్‌సభలో సభ్యుడు పద్దును పెంచలేడు, కోత తీర్మానం పెట్టి తగ్గించమని మాత్రమే అడగగలడు. అదీ ఎక్కువగా పద్దును ఒక్క రూపాయికి దించమనో, అందులో వంద రూపాయలు తగ్గించమనో, నిరసన తెలపడానికి. అమెరికాలో అంకె రాసేది సభ్యులే. కేటాయింపుల కమిటీ సబ్‌కమిటీల్లో లైను లైనుగా రాస్తారు. కాబట్టి "మా సెనేటర్ ఎలా ఓటేశారు" అన్నదానికంటే ముందు "ఆవిడ ఏ సబ్‌కమిటీలో ఉన్నారు" అని చూడాలి. మర్కౌస్కీ ఇంటీరియర్ సబ్‌కమిటీ అధ్యక్షురాలు. ఆదివాసీ ఆరోగ్య సేవలు, జాతీయ పార్కులు, ఫెడరల్ పర్యావరణ పరిరక్షణ సంస్థ డబ్బు ఆవిడ చేతి మీదుగా వెళ్తుంది. అక్కడ ఆవిడకున్న పట్టు పబ్లిక్ రేడియో మీద లేదు, ఆ పద్దు వేరే సబ్‌కమిటీది.

కోత పడ్డాక ఏమవుతుందో కూడా చెప్పాలి, ఎందుకంటే పత్రికలు మొత్తం అంకె చెప్పి వదిలేస్తాయి. కార్పొరేషన్ ఫర్ పబ్లిక్ బ్రాడ్‌కాస్టింగ్ 1967 చట్టంతో పుట్టింది. దాని డబ్బును రెండేళ్ళు ముందుగా కేటాయించేవారు, ఏటా రాజకీయాలకి చిక్కకూడదని. ఈ బిల్లుతో పోయింది 2026, 2027 సంవత్సరాల డబ్బు. అందులో 70 శాతానికి పైగా నేరుగా స్థానిక స్టేషన్లకే వెళ్ళేది. పెద్ద నగరాల స్టేషన్లకి అది ఆదాయంలో చిన్న ముక్క, చందాలతో నెట్టుకొస్తాయి. అలాస్కాలోని బెతెల్ ఊళ్ళో ఆదివాసీల యూపిక్ భాషలో వార్తలు చెప్పే కేవైయూకే స్టేషన్‌కి అదే ఆదాయంలో దాదాపు 70 శాతం. అక్కడితో అయిపోలేదు. పాటల హక్కుల రుసుమును అన్ని స్టేషన్ల తరఫున ఆ కార్పొరేషనే బేరమాడి కట్టేది. అది లేకపోతే ప్రతి చిన్న స్టేషనూ సొంతంగా ఒప్పందాలు చూసుకోవాలి. అంటే పోయిన గ్రాంటుతో పాటు అంతవరకు పుస్తకంలో కనపడని ఖర్చు కొత్తగా నెత్తిన పడుతుంది. 2025 ఆగస్టు 1న ఆ కార్పొరేషన్ మూసివేత మొదలుపెడుతున్నట్టు ప్రకటించింది.

కోత వాదుల మాట కూడా ఉంది: పబ్లిక్ రేడియో వార్తలు ఒక పక్షానికి మొగ్గుతాయి, అప్పు ఇంతుంటే ఇది ప్రభుత్వం చేయాల్సిన పని కాదు అని. వార్తల మొగ్గు గురించి వాదించుకోవచ్చు. కానీ వాషింగ్టన్ స్టూడియో మీద కోపంతో కోసిన కత్తి శాండ్ పాయింట్ ట్రాన్స్‌మిటర్ మీద పడింది. ఈ రెంటినీ వేరు చేసే వాక్యం బిల్లులో లేకపోవడమే నా అభ్యంతరం.

మర్కౌస్కీని వీరవనితగా చూపించాలని కూడా నాకు లేదు. రెండు వారాల ముందు, జులై 1న, పేదల ఆరోగ్య బీమా అయిన మెడికెయిడ్‌నూ ఆహార సహాయాన్నీ తగ్గించే పెద్ద బిల్లుకి ఆవిడ అవునన్నారు. ఓట్లు 50-50 అయి, ఉపాధ్యక్షుడి ఓటుతో అది గట్టెక్కింది. ఆవిడ కాదంటే పడిపోయేది. బదులుగా గ్రామీణ ఆసుపత్రుల నిధి 2,500 కోట్ల నుంచి 5,000 కోట్లకి పెరిగింది. ఆహార సహాయం చెల్లింపుల్లో తప్పులు ఎక్కువగా ఉన్న రాష్ట్రాలకి ఖర్చు పంచుకునే భారం వాయిదా పడింది. 2024లో అలాస్కా తప్పుల శాతం 24.66, దేశంలోనే ఎక్కువ. అంటే బాగా నడిపిన రాష్ట్రానికంటే తప్పులు చేసిన రాష్ట్రానికి ఎక్కువ గడువు. సొంత రాష్ట్రాన్ని కాపాడుకోవడం, సేవను కాపాడటం ఒకటి కావు. మీ సభ్యుడు ఏది చేస్తున్నారో అడిగి తెలుసుకోండి.

మూడో రకం కోత ఉంది, ఇది అన్నింటికంటే ప్రమాదకరం: ఓటు ఉండదు, 45 రోజుల గడువు ఉండదు, శాఖ నుంచి ఒక ఉత్తరం వచ్చి గ్రాంటు రద్దవుతుంది. అలాస్కాలోనే కిప్నక్ అనే ఊళ్ళో నది ఒడ్డు కోసుకుపోకుండా కట్టడానికి ఇచ్చిన 2 కోట్ల డాలర్ల గ్రాంటును పర్యావరణ సంస్థ 2025 మేలో రద్దు చేసింది. అక్టోబరులో హాలోంగ్ తుఫాను శేషం వచ్చి ఆ ఊరి ఇళ్ళని లేపి నీళ్ళ మీద తేల్చింది. జనాన్ని విమానాల్లో తరలించారు. గ్రాంటు ఉండి ఉన్నా అయిదు నెలల్లో కట్ట పూర్తయ్యేది కాదు, ఆ మాట నిజాయితీగా చెప్పాలి. ఇలాంటిచోట సభ్యుడు చేయగలిగినవి: శాఖకి రాతపూర్వకంగా ప్రశ్నలు, వచ్చే ఏడాది కేటాయింపుల్లో ఆ పనిని పేరుతో సహా రాయించడం, సెనేటర్ అయితే ఆ శాఖ నియామకాలను ఆపి పట్టుకోవడం. ఆ చివరి ఆయుధాన్ని 2025 ఆగస్టులో చక్ గ్రాస్లీ, జాన్ కర్టిస్ గాలి, సౌరవిద్యుత్ పన్ను నిబంధనల విషయంలో ట్రెజరీ నియామకాల మీద వాడారు. ఇద్దరూ రిపబ్లికన్లే.

ఇక ఫోన్ సంగతి. వీసా ఫైలు కదలకపోతే కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసులో ప్రైవసీ ఫారం నింపి సాయం అడగడం మనవాళ్ళలో చాలామందికి తెలుసు. అదే ఆఫీసు, అదే హక్కు. ఓటు లేకపోయినా ఆ జిల్లాలో నివసించే ప్రతి మనిషీ వాళ్ళ లెక్కలోనివాడే, సీట్లు పంచేటప్పుడు జనాభా లెక్కలో మనల్నీ కలుపుతారు. క్యాపిటల్ స్విచ్‌బోర్డు 202-224-3121. పేరు, జిప్ కోడ్ ముందు చెప్పండి, లేదంటే లెక్కలోకి రాదు.

వాట్సాప్‌లో తిరిగే స్క్రిప్టు చదవొద్దు. ఒకే వాక్యం రెండొందల మంది చదివితే కింద "అనుకూలం, వ్యతిరేకం" అని ఒక గీత పెరుగుతుంది, అంతే. దానికంటే మీ ఊరి సంస్థ పేరు, డబ్బు వచ్చే పథకం పేరు, ఏటా ఎన్ని డాలర్లు, ఆగితే ఏ తేదీన ఏది మూతపడుతుంది అన్న నాలుగు చెప్పండి. ఇవి ఆ సంస్థ మేనేజరునో, బడి బోర్డునో అడిగితే ఇస్తారు, బడ్జెట్ బహిరంగ పత్రమే. తర్వాత ఆ విషయం చూసే సిబ్బంది పేరు అడిగి, ఒక పేజీ మించకుండా ఈమెయిల్ పంపండి. సభ్యుడు ఉత్తరం మీద సంతకం పెట్టాలన్నా, సభలో ఉదాహరణ చెప్పాలన్నా వాళ్ళకి కావాల్సింది అదే.

అడిగే సమయం చాలా ముఖ్యం. కొత్త ఏడాది కేటాయింపుల కోసం సభ్యులు వినతులు తీసుకునేది సాధారణంగా వసంతకాలంలోనే. ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది కదా అని సెప్టెంబరులో ఫోన్ చేస్తే అంకెలు అప్పటికే కుదిరిపోయి ఉంటాయి. స్థానిక ప్రాజెక్టుకి పేరు పెట్టి డబ్బు రాయించినా ధీమాగా ఉండొద్దు: 2025లో పూర్తి బడ్జెట్ కుదరక పాత అంకెలతోనే ఏడాదంతా నడిపినప్పుడు అలాంటి ప్రాజెక్టులన్నీ ఒక్కసారిగా జారిపోయాయి. ఆగస్టులో సభ సెలవులో ఉన్నప్పుడు సభ్యులు ఊళ్ళకి వస్తారు. అప్పుడు ఆ లైబ్రరీకో, క్లినిక్కుకో, రేడియో గదికో రమ్మని జిల్లా ఆఫీసుకి జూన్‌లోనే రాయండి. సభ్యుడు రాలేకపోతే ఫీల్డ్ సిబ్బందినైనా పంపమనండి.

ఫోన్ చేసిన కొన్ని వారాలకి అచ్చు ఉత్తరం వస్తుంది. అందులో మీరు అడిగిన పథకం పేరు లేకపోతే, అదే సిబ్బందికి ఆ ఉత్తరం జతచేసి "ఈ పద్దు మీద మీ సభ్యుడి అభిప్రాయం ఏమిటి" అని ఒక్క లైను మళ్ళీ రాయండి.