మతీస్ బొమ్మ: అసలు లితోగ్రాఫా, పోస్టరా?
పాత సామాన్ల దుకాణంలో కొన్న ఫ్రెంచ్ చిత్రకారుడు మతీస్ స్త్రీ ముఖం అసలు లితోగ్రాఫో (రాతి మీద గీసి కాగితం మీద అచ్చు తీసిన బొమ్మో) కాదో తేలట్లేదన్నారు కదా. ముందు ఫ్రేము విప్పించండి, అద్దం మీంచి ఏమీ తెలీదు. పదింతలు పెద్దగా చూపే భూతద్దంతో బుగ్గ మీది నీడను చూడండి. చుక్కలు వరుసల్లో ఉంటే అది ఆఫ్‌సెట్ అచ్చు, అంటే యంత్రం మీద వేసిన మామూలు పోస్టరే, టెన్షన్ అక్కర్లేదు. రాతి మీద జిడ్డు క్రేయాన్‌తో గీసిన నీడలో గింజలు గరుగ్గా, క్రమం లేకుండా ఉంటాయి.

సంతకాన్ని మాత్రం నమ్మకండి. 1920లలో ఆయన చాలా లితోగ్రాఫులు 50 ప్రతులే తీసి, పెన్సిల్‌తో సంతకం చేశారు. దొంగ పెన్సిల్ సంతకాలూ బోలెడు. చుక్కల్లేకపోతే, మతీస్ కూతురు మార్గరీట్, మనవడు క్లోడ్ 1983లో తెచ్చిన ప్రింట్ల కేటలాగుతో కొలతలు పోల్చండి. అప్పటిదాకా అంచులు కత్తిరించొద్దు.