సీసా వెనక్కి తిప్పి చూడు

పర్లాకిమిడి,
ఆదివారం.

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న దీవెనలు.

నువ్వు ఫోనులో పంపిన మూడు సీసాల ఫొటోలు చూశాను. ఇంట్లో అందరూ రోజూ వేసుకోవడానికి వీటిలో ఏ విటమిన్లు మంచివని అడిగావు. మూడింటినీ ముందు వైపు నుంచే తీశావు. సంబంధం చూడడానికి వెళ్లి, పిల్ల కట్టుకున్న చీర సంగతి మాత్రం చెప్పినట్టుంది. ముందు వైపు రాతలు అమ్మేవాడి ఇష్టం. వెనక వైపు రాతలు చట్టం రాయించినవి. వెనక వైపు కూడా తీసి పంపమంటే పంపావు కాబట్టి ఇక మాట్లాడుకోవచ్చు. ఫోనులో చెబితే సగం గాలికి పోతుందని కాగితం మీద పెడుతున్నాను.

నలభై ఏళ్లు మందుల షాపు కౌంటరు వెనక నిలబడ్డాను. "బలానికి ఏదైనా ఇవ్వండి" అనే మాట వినని రోజు లేదు. ఎవరికి అని అడిగితే చాలామంది "ఇంట్లో అందరికీ" అనేవారు. ఇంటిల్లిపాదికీ ఒకే కొలతతో చొక్కాలు కుట్టించరు కదా! మీ ఇంట్లో నలుగురున్నారు. మీ ఆయనకు ఏమీ అక్కర్లేదు. వేళకు తింటాడు, పాలూ పెరుగూ పుష్కలంగా పడతాయి, పొద్దెక్కాక ఎండలో తిరుగుతాడు. ఆయన జోలికి పోకు. మిగిలిన ముగ్గురి సంగతి వేరువేరుగా చూడాలి.

ముందు నీ సంగతి. పిల్లల కోసం అనుకుంటున్నామని మీ పెద్దమ్మతో చెప్పావట. అయితే నీకు కావలసింది ఫోలిక్ ఆమ్లం, రోజుకు 400 మైక్రోగ్రాములు. నెల తప్పాక మొదలుపెడదామని ఆగకు. బిడ్డ వెన్నుపాముకు, మెదడుకు ఆధారమైన గొట్టం మొదటి నాలుగు వారాల్లోనే మూసుకుంటుంది. అప్పటికి చాలామందికి కడుపుతో ఉన్నామన్న సంగతే తెలియదు. అందుకే కనీసం ఒక నెల ముందు నుంచే వేసుకోమంటారు. మాత్ర ఆవగింజకు అన్నలా ఉంటుంది, ధర చూస్తే నవ్వొస్తుంది, సీసాకు అందమూ ఉండదు. ఈ ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందాన్ని అమెరికాలో నడిపింది మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో రోజుల తేడాలో పోయారు. ఆ జబ్బుకు పనికొచ్చిన మందే చివరికి ఆయన చేతుల మీదుగా వచ్చింది. ఆ చిన్న మాత్రను చూసినప్పుడల్లా నాకు ఈ కథ గుర్తుకొస్తుంది.

నువ్వు పంపిన మొదటి సీసా, ఆ గులాబీరంగు అట్టది, "స్త్రీలకు ప్రత్యేకం" అన్నది, నీకు పనికిరాదు. వెనక చూడు. విటమిన్ ఎ 10,000 యూనిట్లని ఉంది. హైదరాబాదు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. మన దేశంలో ఎవరికి ఎంత కావాలో లెక్క కట్టేది అదే. వాళ్ల లెక్కలో ఆడవాళ్లకు రోజుకు 840 మైక్రోగ్రాములు, అంటే 2,800 యూనిట్లు. ఈ సీసాలో మూడింతలకు పైగా ఉంది, అదీ రెటినాల్ రూపంలో, అంటే ఒంట్లో మార్పు చెందనక్కర్లేని తయారు విటమిన్ ఎ. ఎ, డి, ఇ, కె విటమిన్లు కొవ్వులో కరిగేవి, ఎక్కువైతే ఒంట్లోనే నిలవ ఉండిపోతాయి. రెటినాల్ మితిమీరితే కడుపులో బిడ్డకు అవయవ లోపాలు రావచ్చు. క్యారెట్లో, బొప్పాయిలో ఉండే బీటా కెరోటిన్‌తో ఆ భయం లేదు. బి, సి విటమిన్లు చాలావరకు మూత్రంలో పోతాయి. బి కాంప్లెక్స్ వేసుకున్నాక మూత్రం పసుప్పచ్చగా వస్తే "మందు బాగా పట్టిందండీ" అని సంతోషంగా వచ్చి చెప్పేవారు. అది ఒంటికి పట్టగా మిగిలి బయటికి పోయిన రైబోఫ్లేవిన్, అదే బి2 విటమిన్, రంగని చెప్పి వాళ్ల ఆనందాన్ని ఎందుకు చెడగొట్టాలని ఊరుకునేవాణ్ణి.

మీ మామగారు పన్నెండేళ్లుగా చక్కెర జబ్బుకు మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్నారు. ఆ మందు ఏళ్ల తరబడి వాడితే బి12 తగ్గే అవకాశం ఉంది. పైగా మీ అత్తవారింట నీచు ముట్టరు. మొక్కల్లో నమ్ముకోదగ్గంత బి12 లేదు, శాకాహారులకు పాలూ పెరుగే దిక్కు. ఆయన పాదాల్లో తిమ్మిర్లంటే అందరూ షుగర్ వల్లే అనుకుంటున్నారు. కావచ్చు, బి12 లోటు వల్లా కావచ్చు. రక్తపరీక్ష చేయించకుండా రోజువారీ విటమిన్ల మాత్ర కొనిస్తే లాభం లేదు. రోజు అవసరం రెండు, రెండున్నర మైక్రోగ్రాములే కాబట్టి ఆ మాత్రల్లో చాలావాటిలో ఉండేదీ దాదాపు అంతే. నిజంగా లోటుంటే డాక్టరు వందల మైక్రోగ్రాముల మాత్రో, సూదిమందో రాస్తారు. ఇంకో చిక్కుంది. ఫోలిక్ ఆమ్లం ఎక్కువగా ఇస్తే రక్తహీనత సర్దుకున్నట్టు కనిపిస్తుంది, బి12 లోటు వల్ల నరాలకు జరిగే నష్టం మాత్రం లోపల సాగుతూనే ఉంటుంది. నీ మాత్ర ఆయనకు పెట్టకు.

అత్తగారి కోసం తెచ్చిన జుట్టు గమ్మీలు, అదే ఆ తియ్యటి జెల్లీ బిళ్లలు చూసి కోపం వచ్చింది. అందులో ఉన్నది చక్కెర, బయోటిన్ అనే ఒక బి విటమిన్. బయోటిన్ పెద్ద మోతాదులో వాడితే థైరాయిడ్ పరీక్ష ఫలితం తప్పుగా రావచ్చు. ఆవిడ మూడు నెలలకోసారి ఆ పరీక్షే చేయించుకుంటారు! తప్పుడు అంకెను చూసి డాక్టరు మందు మారిస్తే ఎవరిని అనాలి? ఇంకా ఒక మాట. పొద్దున్న పరగడుపున వేసుకునే థైరాయిడ్ మాత్రకూ, ఇనుమో కాల్షియమో ఉన్న ఏ మాత్రకైనా నాలుగు గంటల ఎడం ఉండాలి. లేదంటే థైరాయిడ్ మందు ఒంటికి పట్టదు. కాల్షియం, ఇనుము కూడా ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి, వాటినీ ఒకే పూట వేయకు. ఇనుము మాత్ర టీతో మింగే అలవాటు మన వాళ్లకు ఉంది. టీ బదులు నిమ్మరసం నీళ్లు తాగితే పని జరుగుతుంది.

ఇక ఎవరికైనా రోజువారీ మాత్ర నిజంగా కొనాల్సి వస్తే, వెనక వైపు ఎలా చదవాలో చెబుతాను. భూతద్దం పెట్టుకో. జనం మాట్లాడే భాషలో రాయమని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మాది. ఈ సీసాల మీది చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాలు చూస్తే ఆయన ఏమనేవారో!

పట్టిక పైన "ఒక మోతాదులో" అని ఉంటుంది. ఆ మోతాదు ఒక మాత్రా, రెండా అన్నది ముందు చూడు. నీ మూడో సీసాలో రెండు. అరవై మాత్రలున్నాయని మురిసిపోయావు, అది నెల రోజులకే. తరవాత రోజు అవసరంలో ఎన్నో వంతో చూపే శాతం చూడు. వంద దరిదాపుల్లో ఉంటే చాలు. వెయ్యి శాతం, రెండు వేల శాతం అని ఉంటే అది గొప్పతనం కాదు. బి6 చాలాకాలం పెద్ద మోతాదులో వాడితే నరాలు దెబ్బతింటాయి, తిమ్మిరికని వేసుకున్నదే తిమ్మిరి తెస్తుంది. ఖనిజాల దగ్గర ఇంకో గారడీ ఉంది. కాల్షియం కార్బొనేట్ 1,250 మిల్లీగ్రాములని పెద్ద అక్షరాల్లో వేస్తారు. అందులో అసలు కాల్షియం 500 మాత్రమే. ఇరవై మూలికల పేర్లు వరసగా రాసి, చివర అన్నిటికీ కలిపి ఒకే బరువు ఇస్తే ఆ సీసా అక్కడే పెట్టెయ్యి. దేనికి ఎంతో చెప్పనివాడు ఏమీ చెప్పనట్టే.

యూనిట్ల సంగతి ఎందుకు ఇంతగా పట్టుకున్నానంటే, ఒకసారి నా చేతి మీదుగానే పొరపాటు జరిగింది. కొత్తలో కాదు, చేయి తిరిగాకే. విశ్రాంత గుమాస్తా ఒకాయన విటమిన్ డి గుళికలకు చీటీ తెచ్చాడు. 60,000 యూనిట్లవి, వారానికి ఒకటి. సాయంత్రం రద్దీ. ఎనిమిది గుళికలు కవరులో వేసి "ఒక్కటి చొప్పున" అన్నాను, వారం మాట నోట్లోనే ఉండిపోయింది. రెండు నెలలకు రావలసిన మనిషి తొమ్మిదో రోజున వచ్చి "బాగున్నాయి, ఇంకో ఎనిమిది ఇవ్వండి" అన్నాడు. ఇవ్వబోతున్న చిల్లర నా చేతిలోనే ఉండిపోయింది. పెద్దవాళ్లకు రోజు అవసరం 600 యూనిట్లు. ఒక్కో గుళిక వంద రోజుల పద్దు. ఎనిమిది రోజుల్లో ఎనిమిది వందల రోజులది మింగాడు. షట్టరు సగానికి దించి నేనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. రక్తంలో కాల్షియం చూశారు, అదృష్టం బాగుండి పెరగలేదు. అలాగే నెలల తరబడి సాగితే దాహం, వాంతులు, మలబద్ధకంతో మొదలై మూత్రపిండాల దాకా పోయేది. ఆ మర్నాటి నుంచి ఆ గుళికలు ఎవరికి ఇచ్చినా అట్ట మీద "ఆదివారం" అని పెన్నుతో రాసి ఇచ్చాను. సోమవారం వచ్చినవాళ్లకు "సోమవారం".

నాణ్యత అంటావా, సరుకు ఆహారం కింద అమ్ముతుంటే ఆహార భద్రత సంస్థ లైసెన్సు సంఖ్య పద్నాలుగు అంకెలు ఉంటుంది, ఔషధంగా వాడేది కాదన్న మాట కూడా ఉంటుంది. ఆ అంకెలను ప్రభుత్వ వెబ్‌సైటులో కొట్టి చూస్తే ఎవరి పేరున ఉందో తెలుస్తుంది. మందు కింద అమ్మితే తయారీ లైసెన్సు సంఖ్య ఉంటుంది. లైసెన్సు ఉన్నంత మాత్రాన ప్రతి సీసానూ ఎవరో పరీక్షించారని కాదు, లేకపోతే మాత్రం ముట్టుకోకు. బ్యాచి సంఖ్య, గడువు తేదీ, తయారీదారు పూర్తి చిరునామా ఉండాలి. నా వరకు నేను పాత మందుల కంపెనీ సాదా అట్ట మాత్రలో, జన ఔషధి దుకాణంలోవో తీసుకుంటాను. గుళికలైతే శాకాహారమని చెప్పే పచ్చచుక్క ఉందో లేదో చూడు. చాలా గుళికల పైతొడుగు జెలటిన్‌ది, దాన్ని పశువుల ఎముకల నుంచి, తోలు నుంచి తీస్తారు. అత్తగారికి తరవాత తెలిస్తే విటమిన్ సంగతి పోయి ఇల్లు శుద్ధి చేసే పని పడుతుంది. సీసా పొయ్యి పైన అరలో పెట్టకు. మన వానాకాలపు చెమ్మకు గుళికలు ఒకదానికొకటి అతుక్కుంటాయి.

నీ బడిలో పిల్లలకు వారానికోసారి ఇచ్చే నీలం మాత్రలు తీసిపారేసేవి కావు. ఒక్కోదాంట్లో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. కాకపోతే మీ రాయగడ వైపు సికిల్ సెల్ జబ్బు, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంకర తిరిగే పుట్టుజబ్బు, ఎక్కువ. ఆ జబ్బున్న పిల్లలకు డాక్టరు చెప్పకుండా ఇనుము ఇవ్వకూడదు. హాజరుపట్టీలో వాళ్ల పేర్ల పక్కన గుర్తు పెట్టుకో. మీ సంతలో చోళ్లు, అదే రాగులు, దొరుకుతాయి కదా. వంద గ్రాముల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అంబలి అనగానే ముఖం చిట్లించకుండా వారానికి నాలుగు పొద్దులైనా కాయించు.

గమ్మీల సీసా మూత ఇంకా విప్పలేదన్నావు. బిల్లు ఉంటే రేపే తిరిగి ఇచ్చెయ్యి, ఎల్లుండికి షాపువాడి మాట మారుతుంది. గులాబీ సీసా కూడా విప్పకపోతే దానితోపాటే. మూడోది మీ ఆయన ఇప్పటికే మొదలుపెట్టాడని నీ మాటల్లో తెలిసిపోయింది. అంకెలు చూశాను, వంద శాతం లోపే ఉన్నాయి, ఉన్నవి అవగొట్టనివ్వు, మళ్లీ కొనకు. దసరాకు గుణుపురం మీదుగా వస్తారు కదా, మామగారి బి12 కాగితం తీసుకురా. మీ పెద్దమ్మ మునగాకు కారప్పొడి నీ పేరు చెప్పి ఒక డబ్బా పక్కన పెట్టింది.

ఇట్లు,
పెదనాన్న.